ఉత్తర కిరీటం మీద పందెం

ధనంజయ మీద నాకున్న కసి ఈ జన్మకు తీరదు. వాడు నా పాలివాడు, మా చిన్నతాత మనవడు, నాకన్నా నాలుగేళ్లు చిన్న. పాకాల దగ్గర మా ఊళ్లో వాడి తోట రోడ్డు పక్కన ఉంది. నా తోట దాని వెనకాల ఉంది. మామిడికాయల కాలంలో నా ట్రాక్టరు రోడ్డెక్కాలంటే వాడి గట్టు మీదుగానే పోవాలి. ప్రతి ఏడూ నేను వాడి ఇంటి ముందుకు పోయి "దారి ఇయ్యప్పా" అని అడగాలి. వాడు ఏ ఏడూ లేదనలేదు. ఒక్కసారి లేదని ఉంటే కోర్టుకు పోయి తేల్చుకునేవాణ్ణి. వేపపుల్ల నములుతూ, వీధిలో పదిమంది వినేట్టు, "దానికేముందన్నా, తోలుకో" అంటాడు. ఏడో తరగతిలో మా నాయన నన్ను బడి మాన్పించి మడక పట్టించి దున్నించిన రోజు కూడా నాకు అంత చిన్నతనం అనిపించలేదు. వాడేమో ఇంటరు దాకా చదివి, మార్కులు రాక ఇంటికొచ్చినా, చదువుకున్నవాడు అనిపించుకున్నాడు.

ఇన్ని చేసినవాడు చివరికి చేసిన పని ఏమిటంటే, పందేనికి నా కూతుర్ని సాక్షిగా పెడతానంటే ఒప్పుకున్నాడు.

నా కూతురి పేరు లోహిత. తిరుపతిలో యూనివర్సిటీలో నక్షత్రాల మీద పరిశోధన చేస్తోంది. పరిశోధన అంటే మిద్దె మీద దుర్బిణి పెట్టుకుని తెల్లార్లూ కూర్చుంటుందని మా ఊళ్లో అందరూ అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. మొదటిసారి దాని గదికి పోయినప్పుడు చూస్తే, అలిపిరికి పోయే దారిలో మూడో అంతస్తులో చిన్న గది, ఒక ల్యాప్‌టాపు, ఒక ఇండక్షన్ పొయ్యి, కిటికీకి కట్టిన తాడు మీద ఆరేసిన బట్టలు. అంతే.

"దుర్బిణి యాడ పెట్టినావు పాపా?" అన్నాను.

"పైన ఉండాది నాయనా."

"మిద్దె మీదనా?"

"ఇంకా పైన. ఉపగ్రహాలకు కట్టి పంపించిండారు. అవి సూసి లెక్కలు కిందికి పంపిస్తాయి. నేను ఈడ కూసోని ఆ లెక్కలు దించుకుంటా."

కొన్ని రకాల వెలుగు గాలిని దాటి నేల మీదికి రాదట. అతినీలలోహిత కాంతి, ఎక్స్‌రేలు, అలాంటివి. వాటిని చూడాలంటే దుర్బిణి గాలికి పైన ఉండాలట. ఆ దుర్బిణిని ఎవరు అడిగి తమ చుక్క వైపు తిప్పించుకున్నా, కొంతకాలం పోయాక ఆ లెక్కలన్నీ లోకంలో ఎవరైనా తీసుకోవచ్చట, డబ్బు కట్టాల్సిన పని లేదట. ఈ మాట ఊళ్లో చెబితే ధనంజయ నవ్వి, "అతినీల లోహితా? నీ బిడ్డ పేరు ఆకాశంలో కూడా రాసిపెట్టినారే!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాల్సి వచ్చింది.

లోహిత నాలుగేళ్లుగా ఒకే ఒక్క నక్షత్రాన్ని పట్టుకుని ఉంది. ఉత్తర కిరీటం అని ఒక చుక్కల గుంపు ఉందట, దాని అంచున ఉంటుందట ఇది. కంటికి కనపడదు. నిజానికి అది ఒకటి కాదు, రెండు. ఒకటి ఎర్రగా ఉబ్బిపోయిన ముసలి నక్షత్రం, ఇంకొకటి తెల్లగా, చిన్నగా, మహా బరువుగా ఉండేది. చిన్నది పెద్దదాని ఒంటి మీది వాయువును లాగి తన మీద వేసుకుంటూ ఉంటుంది. అది పేరుకుని పేరుకుని ఒకనాడు మొత్తం అంటుకుని పేలుతుంది. పేలితే ధ్రువ నక్షత్రమంత వెలుగుతుందట, నాలుగైదు రోజులు. మళ్లీ ఆరిపోయి మొదటినుంచి లాగడం మొదలు. సుమారు ఎనభై ఏళ్లకొకసారి. కిందటిసారి పేలినప్పుడు మా తాత మీసం రాని పిల్లవాడు.

"ఒక సుక్కను నాలుగేండ్లు సూసేదానికి జీతమిస్తారా?" అంది మా ఇంటామె భారతమ్మ.

"ఇస్తారుమా. ఆర్నెల్లకోసారి, వాళ్లకు బుద్ధి పుట్టినప్పుడు," అంది లోహిత.

ఉగాదికి అదే ఫోను చేసి ఇలా అంది. "ఈ ఏడాదే పేలుతుందని కొంతమంది లెక్క కట్టిండారు నాయనా. పోయినేడు కూడా అట్లే అన్నారనుకో. నా లెక్కలో మాత్రం..." అంతలో కరెంటు వచ్చింది. మోటరు వెయ్యాలి కాబట్టి ఫోను పెట్టేశాను. మూడు ఫేజుల కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో చెప్పే ఉపగ్రహం ఇంకా పైకి పోలేదు.

జూన్‌లో తోతాపురి కాయలు కోతకొచ్చాయి. ఆ ఏడు కాయల సంగతి చిత్తూరు వైపు ఎవరినడిగినా చెబుతారు. గుజ్జు ఫ్యాక్టరీల వాళ్లు పాత సరుకే అమ్ముడుపోలేదని కొత్త కాయ కొనడానికి ముక్కు చిట్లించారు. కోసిన కాయ ఆగదు. ట్రాక్టర్లకెత్తుకుని ఫ్యాక్టరీ గేటు ముందు బారులు తీరాము. టోకెను చేతిలో పెట్టుకుని, టార్పాలిన్ నీడలో పడుకుని, పులుసన్నం పొట్లాలు తింటూ ఎదురుచూడటమే పని. నా ట్రాక్టరుకు సరిగ్గా ముందు ధనంజయ ట్రాక్టరు. అది కూడా నా ఖర్మే. దారి ఇచ్చి ముందు తాను బయల్దేరాడు.

రెండో రోజు మధ్యాహ్నం దామలచెరువు మండీ మునివెంకటప్ప వచ్చాడు. ఆయన డెబ్భై దాటిన మనిషి, మా రైతులందరికీ మామ వరస. సీజనులో ఆయన మండీకి కాయ తోలని ఇల్లు మా ఊళ్లో లేదు. ఎవరి కాయ కుళ్లిపోతోందో చూద్దామని స్కూటరేసుకుని వచ్చి, మా టార్పాలిన్ కింద కూర్చున్నాడు.

మా వైపు పందెం లేకుండా నలుగురు కూర్చోరు. ఎన్నికలకు పంటభూములు కట్టినవాళ్లు ఉన్నారు. క్రికెట్టుకు బండ్లు కట్టినవాళ్లు ఉన్నారు. వాన ఏ వారం పడుతుందని పొట్టేళ్లు కట్టుకుంటారు. ఓడినవాడు ఇవ్వనంటే పోలీసులు రారు, చట్టం ఒప్పుకోదు. కానీ వాడి ఇంటి పెళ్లికి ఎవడూ పోడు. కాబట్టి ఇస్తారు.

ధనంజయ పచ్చికాయను కోసి ఉప్పూకారం అద్దుకుంటూ మొదలుపెట్టాడు.

"ఏమన్నా, పాప సూసే సుక్క ఇంకా పేల్లేదా?"

"పేలుతుంది. ఈ కార్తీకం దాటదు," అన్నాను.

"ఎవురు సెప్పినారు?"

"నా కూతురు. లెక్క కట్టిండారు."

"మన కాయ రేటు కూడా లెక్క కట్టే సెప్పినారు కదన్నా, మార్చిలో," అన్నాడు వాడు. ట్రాక్టర్ల కింద పడుకున్నవాళ్లు కూడా నవ్వారు.

ఆ నవ్వుకు నా తల తిరిగింది. రెండు రోజుల ఎండ, వెనకాల లోడులోంచి కారుతున్న రసం, ఈగలు. "పందెమా?" అన్నాను.

"ఏం కడతావు?"

"నీ రోడ్డు పక్క ముక్క. నా దారికి అడ్డంగా ఉండేది. అది కట్టు."

వాడు నమలడం ఆపాడు. "మరి నువ్వు?"

"నా బోరు కయ్య."

మునివెంకటప్ప మామ తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "మునిచంద్రా, నోరు జారినావా, తెలిసే అన్నావా?"

"తెలిసే అన్నాను మామా."

బోరు కయ్య అంటే నా తోటకంతా నీళ్లిచ్చే ముక్క. మా నాయన తవ్వించిన మూడు బోర్లలో నీళ్లు పడింది అదొక్కటే. లోహిత చదువుకు కట్టిన ప్రతి రూపాయీ ఆ నీళ్లలోంచి వచ్చిందే.

"సరే," అన్నాడు ధనంజయ. "కార్తీక పౌర్ణమి గడువు. అయితే మామా, నాకొక అనుమానం. ఆ సుక్క వెలుగు ఈడికి వచ్చేదానికి మూడువేల ఏండ్లు పడతాదని పాపే సెప్పింది. అంటే పేలేదుంటే ఎప్పుడో పేలిపోయి ఉంటాది. అట్లాంటిదానికి ఇప్పుడు పందెం యాడిది?"

"వెలుగు దామలచెరువుకు వచ్చిన రోజే పేలినట్టు లెక్క," అని తీర్పు చెప్పాడు మామ. "సరే, వచ్చిందో రాలేదో తేల్చేదెవురు? నాకు ఎదురుగా వచ్చే లారీనే కనపడదు."

"మా పాప సెప్పిన మాటే మాట," అన్నాను.

వాడు కాదంటాడని, బేరం పెడతాడని, వేరే ఎవరో ప్రొఫెసరును పట్టుకురమ్మంటాడని అనుకునే అన్నాను. వాడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"నాకు సమ్మతమే," అన్నాడు.

"ఒరే ధనంజయా, దొంగ సేతికే తాళం ఇస్తాండావే!" అని అరిచాడు వెనక ట్రాక్టరు డ్రైవరు.

"లోహితమ్మ అట్లాంటి పిల్ల కాదులే," అన్నాడు వాడు, చేతికంటిన కారం ప్యాంటుకు తుడుచుకుంటూ.

వాడికి బుద్ధి తక్కువైందనుకున్నాను. ఇంటికొచ్చి భారతమ్మతో, "దారి వచ్చేసినట్టే" అని కూడా చెప్పాను.

అప్పటినుంచి వారానికి రెండుసార్లు లోహితకు ఫోను చేశాను. అంతకుముందు దాని ఫోనుకు నేనెప్పుడు చేశానో నాకే గుర్తులేదు, మాటలన్నీ వాళ్లమ్మే మాట్లాడేది. "ఏమన్నా కదిలిందా పాపా, నీ చుక్క?" అని అడిగేవాణ్ణి. అది ఎంతసేపైనా చెప్పేది. ఏ ఉపగ్రహం ఎప్పుడు అటు తిరిగింది, పెద్ద నక్షత్రం చుట్టూ చిన్నది ఎన్ని నెలలకు తిరిగొస్తుంది, పేలే ముందు ఒకసారి వెలుగు తగ్గి మసకబారుతుందని పాత లెక్కల్లో ఎలా ఉంది. వాట్సాప్‌లో గీతల బొమ్మలు పంపేది. వాటి కింద పెద్ద అక్షరాలతో తెలుగులో ఇది ఫలానా అని రాసేది, నాకోసం. వాళ్లమ్మతో, "నాయన ఎంత మారిపోయినాడుమా" అన్నదట. పందెం సంగతి దానికి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఏముంది? చుక్క పేలితే పేలిందంటుంది.

దీపావళికి ఇంటికొచ్చినప్పుడు వాళ్లమ్మ నోరు ఆగలేదు. నేను మోటరు దగ్గర్నుంచి వచ్చేసరికి లోహిత వాకిట్లో మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది.

"నా పేరు పెట్టేముందు నన్నొక మాట అడిగిండాల్సింది నాయనా."

"నువ్వు నా బిడ్డవు. నీ పేరు పెట్టేదానికి నిన్నడగాల్నా?"

అది ఒళ్లోని ఫోను బోర్లించి పెట్టింది. తర్వాత, "ఇన్ని దినాలు ఫోను చేసింది దీనికా?" అంది.

"దేనికైతే ఏమి? అడిగినాను కదా, సెప్పినావు కదా," అన్నాను. ఆ రోజు అది టపాకాయలు కాల్చలేదు. మర్నాడు పొద్దున బస్సుకే వెళ్లిపోయింది. తర్వాత నా ఫోను రెండుసార్లకొకసారి ఎత్తేది.

పౌర్ణమికి మూడు రోజుల ముందు ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో పడింది. కోటు వేసుకున్నాయన ఒకడు, వెనకాల నిప్పుల బంతి బొమ్మ పెట్టుకుని, ఎనభై ఏళ్ల ఎదురుచూపు ముగిసిందని, ఉత్తర కిరీటంలో నక్షత్రం పేలడం మొదలైందని అరుస్తున్నాడు. ఊరంతా మా వాకిట్లోకి వచ్చింది. బయటికి పోయి చూద్దామంటే వారం రోజులుగా మబ్బు, ముసురు. సూర్యుడే కనపడటం లేదు, ఇక చుక్కలెక్కడివి!

ధనంజయ కూడా వచ్చాడు, గొడుగేసుకుని. "పేలినట్టే ఉండాది కదన్నా. పాపను ఒక మాట అడుగు. నేను పాసుబుక్కు తీసిపెడతా," అన్నాడు. వాడి మొహం కొంచెం పాలిపోయి ఉంది. ఇరవై ఏళ్లలో వాడు నా వాకిట్లో నిలబడి నన్ను అడగడం అదే మొదలు. ఆ పూట నేను తిన్న అన్నం రుచి ఇంకా గుర్తుంది.

లోహిత ఫోను ఎత్తలేదు. మర్నాడు పొద్దున్నే తిరుపతి బస్సెక్కాను.

గదిలో అది తల దువ్వుకోకుండా ల్యాప్‌టాపు ముందు కూర్చుని ఉంది. అడక్కుండానే తెర నావైపు తిప్పింది. ఒక గీత అడ్డంగా పోతోంది. చివర్లో కొంచెం పైకి లేచింది.

"ఇదే కదా!" అన్నాను.

"ఇది గాదు." అది గీతను వెనక్కి, పాత సంవత్సరాలకు జరిపింది. అక్కడా ఇలాగే లేచింది, మళ్లీ పడింది. ఇంకా వెనక్కి జరిపింది. మళ్లీ అలాగే. "చిన్నది పెద్దదాని దగ్గర లాగేది ఎప్పుడూ ఒకే తీరుగా ఉండదు నాయనా. ఒక్కోసారి ఎక్కువ పడతాది, కొంచెం వెలుగు పెరుగుతాది. నిజంగా పేలితే ఈ గీత ఈ తెరలో పట్టదు. ఈ గది కప్పులో కూడా పట్టదు."

"మరి ఆ కోటాయన?"

"ఆయన సూసింది నేను రాసిందే. కొంచెం పెరిగింది, అందరూ ఒక కన్నేసి పెట్టండని సుక్కలు సూసే మా వాళ్లందరికీ రెండు ముక్కలు రాసి పంపినా. ఆయన దాన్ని పేల్చినాడు."

బయట ముసురు పడుతోంది. తిరుమల కొండ కనపడటం లేదు.

"పాపా, పేలిందని సెప్పొద్దు. పేలినట్టుండాది అను. అంతే. మబ్బుండాది, ఎవురికీ కనపడదు."

"ఉపగ్రహానికి మబ్బు లేదు నాయనా. ఈ లెక్క లోకంలో ఎవురైనా దించుకోవచ్చు."

"దామలచెరువులో ఎవుడు దించుకుంటాడే?"

"నేను దించుకున్నా కదా."

నాకు కోపం ముంచుకొచ్చింది. "ఆ బోరు నీళ్లు తాగే నువ్వింత దూరం వచ్చినావు," అన్నాను.

"తెలుసు."

"తెలిసి?"

"నాలుగేండ్లు నాయనా, ఈ సుక్క పేలాలని నాకన్నా ఎక్కువ ఎవురు కోరుకుంటారు? పేలితే నా థీసిస్సుకు తిరుగుండదు. రోజూ పొద్దున లేస్తానే అదే సూస్తా. పేల్లేదు. పేల్లేదంటే పేల్లేదు." అది లేచి పొయ్యి మీద పప్పు పెట్టింది. ఇద్దరం తిన్నాం. నేను చెప్పులు వేసుకుంటుంటే, "పౌర్ణమి రోజు మండీకి వస్తా," అంది.

బస్సులో కూర్చుని ఆ మాటే తిప్పి తిప్పి ఆలోచించాను. ఓడిపోయే మాట చెప్పాలంటే ఫోనులో చెప్పవచ్చు. తండ్రి కొంప కూల్చడానికి ఏ బిడ్డా బస్సెక్కి అంత దూరం రాదు. వస్తానందంటే మనసు మార్చుకున్నట్టే. పాకాల వచ్చేసరికి నా గుండె నిమ్మళమైంది.

పౌర్ణమి రోజు మధ్యాహ్నానికి మండీ నిండిపోయింది. సీజను కాని రోజుల్లో అక్కడ ప్లాస్టిక్ క్రేట్లు తప్ప ఏమీ ఉండవు. జనం వాటిని బోర్లించుకుని కూర్చున్నారు. ధనంజయ పాసుబుక్కు కవరులో పెట్టి తెచ్చాడు. నేను నాది తేలేదు. లోహిత మూడు గంటల రైలుకు దిగి, తడిసిన దుపట్టాతో, సంచి గుండెకు అదుముకుని వచ్చింది. వచ్చి ల్యాప్‌టాపు తెరవబోయింది.

"బొమ్మలు మాకు తెలీవు పాపా," అన్నాడు మునివెంకటప్ప మామ. "నేను మూడు మాట్లు అడుగుతా. అది మా పద్ధతి. మూడోసారి ఏం సెప్తే అదే ఖాయం. ఆ సుక్క పేలిందా?"

"పేల్లేదు తాతా."

ఎవరో "అయ్యో" అన్నారు. మామ దానివైపు కాదు, నావైపు చూశాడు. ఆయన మంచివాడు. రెండోసారి అడిగేటప్పుడు దారి కూడా చూపించాడు. "తొందరేం లేదు. ఆ వీడియోలో అంతగా సెప్తాండారు. పేలేది మొదలయ్యిండొచ్చు కదా? బాగా ఆలోచించి సెప్పు."

"మొదలు కాలేదు తాతా. పొద్దున తొమ్మిది గంటల దాకా వచ్చిన లెక్క సూసి వచ్చినా. పెరిగింది కూడా మళ్లీ తగ్గిపోయింది."

"పాపా," అన్నాను నేను.

అది నావైపు చూసింది. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు సూది వెయ్యడానికి ముందు ఇలాగే చూసేది, నేను చెయ్యి పట్టుకుంటాననుకుని. మామ మూడోసారి అడిగాడు. అది నన్ను చూస్తూనే, "పేల్లేదు," అంది.

పైన వాన రేకుల మీద పడుతోంది. అప్పుడు ధనంజయ లేచాడు. వాడు గెలిచాడు కదా, నవ్వుతాడనుకున్నాను. నవ్వి ఉంటే బాగుండేది.

"అన్నా, ఇదంతా ఎండలో కాయలు కుళ్లిపోతాంటే తిక్క పట్టి ఆడుకున్న మాటలు. నీ భూమి నాకొద్దు. దారి కూడా నువ్వు ఇంక అడగొద్దు, నీ ఇష్టమొచ్చినప్పుడు తోలుకో. పాప మొగం సూసి వదిలేద్దాం."

అంతమంది ముందు, నా కూతురి ముందు, వాడు నాకు నా భూమిని దానం చేశాడు. అక్కడున్నవాళ్లు "అదీ మాట" అని తలలూపారు. ఒకడైతే కళ్లు తుడుచుకున్నాడు.

"నీ బిచ్చం నాకొద్దురా," అన్నాను. "మాట మాటే. వచ్చే వారం రిజిస్ట్రేషను."

"వద్దన్నా."

"నేను ఓడిపోతే ఇయ్యనోణ్ణా? నా ఇంటికి ఎవుడూ రాకుండా సెయ్యాలనా నీ ఎత్తు?"

"నాయనా, ఆయనే వద్దంటాండాడు కదా," అంది లోహిత.

"నీ మాట నువ్వు సెప్పినావు. నా మాట నేను సెప్తాండా. దీనికి ఏ లెక్కా అక్కర్లేదు."

మునివెంకటప్ప మామ తలపాగా చుట్టుకుని లేచి, "మొండితనం ఈ ఇంట్లో అందరికీ సమంగా పంచినాడప్పా దేవుడు," అంటూ స్కూటరు దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ వారమంతా ధనంజయ మనుషుల్ని పంపుతూనే ఉన్నాడు, వద్దని. వాళ్లు వచ్చిన ప్రతిసారీ నాకు పట్టుదల పెరిగింది. భారతమ్మ నాతో మాట్లాడటం మానేసింది. కాగితాలు రాసే ఆయన దగ్గరికి నేనే పోయాను. ఆయన అంతా చూసి, "ఇది మీ నాయన నుంచి వచ్చిన ఆస్తి. నీకు ఆడబిడ్డ ఉండాది కదా, ఆమెకూ వాటా ఉంటాది. ఆమె సంతకం పెట్టకపోతే ఇది రేపు నిలబడదు," అన్నాడు. లోహితకు ఫోను చేసి చెప్పాను. వస్తానంది.

రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో బెంచీ మీద నేను, లోహిత, ధనంజయ, రాసే ఆయన నలుగురం కూర్చున్నాం. పిలుపు వచ్చాక రాసే ఆయన కాగితాలు లోహిత ముందు పెట్టి, సంతకాలు ఎక్కడెక్కడ పెట్టాలో గీతలు గీసి చూపించాడు. అది పెన్ను తీసుకుని ఆగింది.

"నేను పెట్టకపోతే ఇది నడవదు కదా నాయనా?"

"నడవదు."

"పెట్టొద్దు పాపా," అన్నాడు ధనంజయ. తల కూడా ఎత్తలేదు. "నేను ఎవురికీ సెప్పను. సంతకం కుదరలేదని పోదాం."

"నేను నాయన్ను అడుగుతాండా సిన్నాయనా," అంది లోహిత. తర్వాత నావైపు తిరిగింది. "నిన్ను అడక్కుండా నేను పెట్టను. నువ్వు సెప్పు. పెట్టమంటావా?"

ఇక్కడ కూడా ఒక్క మాట చాలు. మండీలో నేను "పాపా" అని దాన్ని అడిగినట్టే, ఇప్పుడు అది నన్ను అడిగింది. కిటికీ అవతల గుమస్తా చెయ్యి చాపి కాగితాల కోసం వేళ్లు ఆడిస్తున్నాడు. ధనంజయ నేల చూస్తున్నాడు. నేను వద్దంటే వాడు ఊపిరి పీల్చుకుంటాడు. ఊరికిపోయి, అన్నకు భూమి వదిలేశానని చెప్పకుండానే అందరికీ తెలిసేట్టు బతుకుతాడు.

"పెట్టు," అన్నాను.

అది ప్రతి గీత మీదా పూర్తి పేరు రాసింది. తొందరపడలేదు. వేలిముద్ర యంత్రం మీద వేలు ఆనించి, పచ్చదీపం వెలిగేదాకా ఉంచింది. తర్వాత పెన్ను నాకిచ్చింది.

నేను పెట్టిన సంతకంతో పోయింది ఇది: సర్వే నంబరు 187/2, ఒక ఎకరా నలభై మూడు సెంట్లు, అందులో బోరు, ఐదు హార్సుపవరు మోటరు, యాభై రెండు తోతాపురి చెట్లు.